ఈఆర్‌పీ పెడితే పని తేలికవుతుందా? ముందు ఏ పని తీసేయాలో తేల్చుకోండి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో తిరిగి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది పంపులు తయారుచేసే సంస్థ, సుమారు నూట యాభై మంది పనిచేస్తున్నారు. కొనుగోలు విభాగానికి ఒక ఎక్సెల్, స్టోర్స్‌కు ఒక రిజిస్టరు, లెక్కల విభాగానికి విడిగా ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఒకే సరుకు మూడు చోట్ల మూడు పేర్లతో నమోదవుతోంది. ఒక నెల లెక్కలు తేలేసరికి మరుసటి నెల సగం గడిచిపోతోంది. పద్ధతులన్నీ సులభం చేయడానికి ఈఆర్‌పీ, అంటే అన్ని విభాగాల పనినీ ఒకే చోట నమోదు చేసి నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టమని యాజమాన్యం చెప్పింది, బాధ్యత మీ మీద పడింది. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, ఎంత కాలం పడుతుంది, పాత ఎక్సెల్‌ను ఎప్పుడు ఆపాలి, అసలు పని నిజంగా తేలికవుతుందా అని అడిగారు.

ముందుగా సూటి జవాబులు. పని తేలికవుతుంది, అయితే అందరికీ ఒకేలా కాదు, మొదటి రోజు నుంచీ కాదు. కొనుగోలు, స్టోర్స్, లెక్కలు ఈ మూడింటినీ మొదటి విడతగా పెట్టుకోండి. ఉత్పత్తి ప్రణాళికను రెండో విడతకు ఉంచండి. మీ పరిమాణంలో ఉన్న సంస్థకు మొదటి విడతే ఆరు నుంచి తొమ్మిది నెలల పని. అంతకన్నా బాగా తక్కువలో ముగిస్తామని ఎవరైనా అంటే, డేటా శుభ్రం చేసే పని ఎవరిదని వారిని అడగండి. స్టోర్స్ రిజిస్టరును, ఎక్సెల్‌ను కొత్త వ్యవస్థ మొదలైన రోజే ఆపాలి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది వీటన్నిటిలో చివరి ప్రశ్న. ఏ అంచెలు, ఏ మినహాయింపులు, ఏ సంతకాలు ఇకపై ఉండవో మీ యాజమాన్యం కాగితం మీద రాసి ఇచ్చేవరకు ఏ సాఫ్ట్‌వేర్ డెమోకూ కూర్చోకండి.

తయారీ, పంపిణీ సంస్థల్లో ఈ వ్యవస్థలు పెట్టడమే చాలా ఏళ్లుగా నా వృత్తి. కింద చెప్పేదంతా ఆ పనిలో చూసినదే. అందరికీ తెలిసిన పెద్ద సంస్థల ఉదాహరణలు అవసరమైన చోట తీసుకున్నాను.

ఉన్న పద్ధతిని ఉన్నట్టు ఎక్కిస్తే ఏమవుతుంది

మీ పద్ధతిలో ఏ అంచె అవసరమో, ఏది ఎప్పుడో ఎవరికో అనుమానం వచ్చి చేర్చినదో ఈఆర్‌పీకి తెలియదు. చెప్పింది చెప్పినట్టు అమలు చేస్తుంది. కాగితం మీద నడిచినంత కాలం అనవసరమైన నియమాన్ని మనుషులే తెలివిగా దాటేస్తూ ఉంటారు. సంతకం చేయవలసిన అధికారి ఊళ్లో లేకపోతే ఫోనులో అడిగి పని కానిచ్చేస్తారు, సంతకం తర్వాత తీసుకుంటారు. అదే నియమం సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాక ఆ సందు మూసుకుపోతుంది. సంతకం పడనిదే ఆర్డరు కదలదు. మునుపటికన్నా పని నెమ్మదించిందని అందరూ సాఫ్ట్‌వేర్‌ను నిందిస్తారు. నిజానికి ఆ నియమం ఎంత భారమో అప్పుడే మొదటిసారి బయటపడుతుంది.

ఒక పంపిణీ సంస్థలో కొనుగోలు ఇండెంటుకు, అంటే ఫలానా సరుకు కొనమని అడిగే కాగితానికి, ఏడు సంతకాలు ఉండేవి. ఆ ఏడింటినీ వరుసగా సాఫ్ట్‌వేర్‌లో పెట్టమని మమ్మల్ని కోరారు. దానికి ముందు గడిచిన ఏడాది ఇండెంట్ల ఫైళ్లు తీయించి, ఏ సంతకం దగ్గర ఏ ఇండెంటు ఆగింది, ఎక్కడ పరిమాణం గానీ ధర గానీ మారింది అని వరుసగా రాయించాం. కొనుగోలు అధికారి, ఆర్థిక అధికారి తప్ప మిగిలిన ఐదుగురిలో ఎవరి దగ్గరా ఒక్క ఇండెంటు కూడా ఆగలేదు, మారలేదు. పైగా ఇండెంట్లలో ఎక్కువ భాగం ముందే ఏడాది ధర ఖరారైన వస్తువులవే. ఆ జాబితా చూపించాక యాజమాన్యం తనంతట తానే నిర్ణయించింది: ధర ఖరారైన వస్తువులకు సంతకమే అక్కర్లేదు, మిగిలినవాటికి రెండు చాలు. సాఫ్ట్‌వేర్ ఇంకా కొనలేదు, అప్పటికే కొనుగోలుకు పట్టే కాలం బాగా తగ్గింది.

మీరూ ఇదే చేయండి. కొనుగోలు, అమ్మకం, చెల్లింపు, వాపసు ఈ నాలుగు దారుల్లో ఒక్కొక్క దానికి గడిచిన ఏడాది నుంచి కొన్ని పాత ఫైళ్లు తీసి, కాగితం ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు ఉంది, అక్కడ ఏం మారింది అని రాయించండి. పద్ధతి ఎలా ఉండాలో చెప్పే పత్రాలు మీ దగ్గర ఉండవచ్చు, వాటిని పక్కన పెట్టండి. ఎలా నడుస్తోందో ఫైళ్లే చెబుతాయి.

మినహాయింపుల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఫలానా వినియోగదారుకు ప్రత్యేక తగ్గింపు, ఫలానా సరఫరాదారుకు ముందస్తు చెల్లింపు, ఫలానా షిఫ్టుకు వేరే భత్యం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. అవన్నీ ఒకదానితో ఒకటి కలిసినప్పుడు వచ్చే జతల సంఖ్య ఎవరి ఊహకూ అందదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖ 2010 మార్చిలో కొత్త జీతాల వ్యవస్థ మొదలుపెట్టింది. అక్కడి ఉద్యోగ ఒప్పందాలు, భత్యాల నియమాలు కలిపి 24,000కు పైగా లెక్కింపు జతలు ఉండేవి. వాటిని తగ్గించకుండా అన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించబోయారు. వేలమందికి జీతం తక్కువగానో ఎక్కువగానో పడింది, కొందరికి అసలు పడలేదు. 2013లో విచారణ కమిషన్ నివేదిక వచ్చేనాటికి ఆ వ్యవహారం మొత్తం భారాన్ని సుమారు 120 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లుగా లెక్కగట్టారు. మీ సంస్థ దానితో పోలిస్తే చాలా చిన్నది, అయినా సూత్రం అదే. మీ దగ్గర నాలుగు రకాల తగ్గింపులు, ఐదు రకాల చెల్లింపు గడువులు, మూడు రకాల రవాణా షరతులు ఉంటే అవే 60 జతలు. ప్రతి జతనూ ఎవరో ఒకరు పరీక్షించాలి. మినహాయింపు ఒక్కటి తగ్గినా ఆ పరీక్షల పని ఎంత తగ్గుతుందో చూడండి.

పని ఎవరికి తేలికవుతుంది, ఎవరికి పెరుగుతుంది

ఈ ప్రశ్న చాలా చోట్ల ఎవరూ అడగరు. నా దృష్టిలో మీ ప్రాజెక్టు నిలుస్తుందా పడుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది.

ఇప్పుడు మీ దగ్గర సరుకు వచ్చినప్పుడు ఏం జరుగుతోందో చూడండి. లారీ వస్తుంది, స్టోర్‌కీపర్ సరుకు దింపించి రిజిస్టరులో ఒక వరుస రాస్తారు, చలానా కాగితం ట్రేలో వేస్తారు. ఆయన పని అయిపోయింది. మిగిలినదంతా తర్వాత లెక్కల విభాగం చూసుకుంటుంది: ఆర్డరు కాగితం వెతకడం, చలానాతో పోల్చడం, బిల్లుతో పోల్చడం, తేడాలకు ఫోన్లు చేయడం. నెలాఖరు లెక్కలకు రెండు వారాలు పట్టడానికి కారణం ఈ వెతుకులాటే.

ఈఆర్‌పీలో సరుకు రసీదు నమోదు చేసిన క్షణంలోనే నాలుగు పనులు జరుగుతాయి. స్టాకు పెరుగుతుంది. కొనుగోలు ఆర్డరులో ఇంకా రావలసిన పరిమాణం తగ్గుతుంది. నాణ్యతా పరీక్ష అవసరమైన వస్తువైతే అది పరీక్ష వరుసలోకి వెళ్తుంది. లెక్కల్లో 'సరుకు వచ్చింది, బిల్లు రాలేదు' అనే ఖాతాలో ఆ విలువ పడుతుంది. తర్వాత సరఫరాదారు బిల్లు రాగానే ఆర్డరు, రసీదు, బిల్లు మూడూ సాఫ్ట్‌వేరే పోల్చి చూస్తుంది. మూడూ సరిపోతే చెల్లింపుకు సిద్ధం, తేడా ఉంటే ఆపుతుంది. నెలాఖరున లెక్కల విభాగం చేసే పోలికల్లో చాలా భాగం ఇలా పోతుంది.

అయితే ఆ పని గాలిలో కలిసిపోలేదు. స్టోర్స్ గుమ్మం దగ్గరకు జరిగింది. ఒక వరుస రాసి ఊరుకునే స్టోర్‌కీపర్ ఇప్పుడు ఆర్డరు నంబరు వెతకాలి, వస్తువు కోడ్ ఎంచుకోవాలి, యూనిట్ సరిచూడాలి, తక్కువ వచ్చిన పరిమాణం వేరుగా చూపాలి, ఏ అరలో పెట్టారో చెప్పాలి. లారీ డ్రైవర్ పక్కన నిలబడి తొందరపెడుతుంటే ఇదంతా చేయాలి. అంటే ఆయన ఇప్పుడు ఒక లెక్కల నమోదు చేస్తున్నారు, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

దీని ఫలితం నేను చాలా చోట్ల చూశాను. రసీదులన్నీ పోగుపడతాయి, సాయంత్రం ఒకేసారి నమోదవుతాయి. ఈలోగా సరుకు షాప్‌ఫ్లోర్‌కు, అంటే తయారీ జరిగే చోటికి, వెళ్లిపోతుంది. లేని స్టాకులోంచి ఇచ్చినట్టు కనిపించి నిల్వ మైనస్‌లోకి పోతుంది. మైనస్ కనిపించకుండా ఎవరో సర్దుబాటు నమోదు వేస్తారు. కొన్నాళ్లకు తెర మీది స్టాకును ఎవరూ నమ్మరు. కొనుగోలు విభాగం మళ్లీ స్టోర్స్‌కు ఫోను చేసి అడుగుతుంది. అక్కడి నుంచి పాత ఎక్సెల్ బయటకు రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

అందుకే నేను ప్రతిచోటా ఒకే పట్టు పడతాను: పని ఎవరికి తగ్గుతుందో ఆ విభాగం నుంచి మనిషిని పని పెరిగే చోటికి పంపండి. ఒక తయారీ సంస్థలో లెక్కల విభాగంలో బిల్లులు పోల్చే ఇద్దరిలో ఒకరిని, సరుకు ఎక్కువగా దిగే వేళల్లో స్టోర్స్ గుమ్మం దగ్గర కూర్చోబెట్టాం. ఆ ఉద్యోగికి ఆర్డరు అంటే ఏమిటో, తేడా ఉంటే తర్వాత ఎవరు బాధపడతారో ముందే తెలుసు. రసీదు సరుకుతో పాటే నమోదవడం మొదలైంది. స్టోర్‌కీపర్‌కు సరుకు లెక్కపెట్టుకునే తీరిక దొరికింది. నెలాఖరు వెతుకులాట తగ్గింది. ఇందుకు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మార్పూ అవసరం కాలేదు.

దీనితో పాటు చిన్న చిన్న ఏర్పాట్లు ఎంతో మేలు చేస్తాయి. కంప్యూటర్ స్టోర్స్ లోపలి గదిలో కాక సరుకు దిగే చోట ఉండాలి. రసీదు తెర మీద ఎప్పుడూ ఒకే విలువ ఉండే గళ్లు ముందే నిండి ఉండాలి. కొనుగోలు ఆర్డరు ముద్రించేటప్పుడే దాని మీద బార్‌కోడ్ వస్తే సరఫరాదారు ఆ కాగితాన్ని సరుకుతో పంపుతారు, నంబరు వెతికే పని ఉండదు. శిక్షణ ఇచ్చేటప్పుడు స్టోర్స్ సిబ్బందికి వారి తెర మాత్రమే చూపి పంపేయకండి. వారు వేసిన ఒక రసీదు లెక్కల విభాగంలో, కొనుగోలు విభాగంలో ఎలా కనిపిస్తుందో వారిని అక్కడికి తీసుకెళ్లి చూపించండి. తమ నమోదు మీద ఎంతమంది ఆధారపడుతున్నారో కళ్లారా చూసిన మనిషి దాన్ని వాయిదా వేయడు.

డేటా

ఈఆర్‌పీ మూలాలు 1960ల నాటి సరుకు అవసరాల ప్రణాళికలో ఉన్నాయి. జోసెఫ్ ఓర్లికీ వంటి ఇంజనీర్లు దానికి రూపం ఇచ్చారు. ఈఆర్‌పీ అన్న పేరును 1990లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ వాడుకలోకి తెచ్చింది. పేర్లు మారినా లోపలి లెక్క అదే: ఎంత కావాలి, ఎంత ఉంది, ఎంత వస్తోంది, ఎప్పటికి వస్తుంది. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పయినా వచ్చే జవాబు తప్పే.

ఈ రంగంలో స్టాకు వివరాలు కనీసం 95 శాతం సరిగా ఉండాలనే ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. వినడానికి 95 శాతం చాలా బాగానే ఉంటుంది. కానీ మీ పంపులో 20 భాగాలు ఉన్నాయనుకోండి. ఒక్కో భాగం స్టాకు సరిగా ఉండే అవకాశం 95 శాతమైతే, ఇరవై భాగాలూ ఒకేసారి సరిగా ఉండే అవకాశం సుమారు 36 శాతమే. 98 శాతానికి తీసుకెళ్తే అది సుమారు 67కు చేరుతుంది. ఉత్పత్తి ప్రణాళికను రెండో విడతకు వాయిదా వేయమన్నది ఇందుకే. స్టోర్స్ నమోదు కుదురుకోకముందే ప్రణాళిక మొదలుపెడితే, అది ఉన్న వస్తువును కొనమంటుంది, లేని వస్తువుతో పంపు బిగించమంటుంది.

మీ దగ్గర మొదట చూడవలసినవి మూడు.

ఒకటి, వస్తువుల కోడ్‌లు. ఒకే బోల్టుకు 'ఎం10 బోల్ట్', 'బోల్ట్ 10 ఎంఎం', 'హెక్స్ బోల్ట్ ఎం10' అని మూడు పేర్లు ఉంటే, ఒక పేరు కింద నిల్వ ఉండగానే ఇంకో పేరుతో ఆర్డరు వెళ్తుంది. పేరు పెట్టే క్రమం ఒకటి నిర్ణయించండి: ముందు వస్తువు, తర్వాత రకం, కొలత, లోహం. కొత్త కోడ్ తెరిచే అధికారం ఒక్కరికే ఇవ్వండి. రెండేళ్లుగా కదలని వస్తువులను కొత్త వ్యవస్థలోకి తీసుకురాకండి, వేరే జాబితాలో ఉంచండి.

రెండు, యూనిట్లు. తయారీ సంస్థల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చినది ఇదే. ఉక్కు రేకును బరువు లెక్కన కొంటారు, రేకుల లెక్కన ఇస్తారు, ఉత్పత్తిలో చదరపు కొలతలో వాడతారు. రంగును డబ్బాల్లో కొంటారు, లీటర్లలో వాడతారు. ప్రతి వస్తువుకూ మూల యూనిట్ ఏది, మార్పిడి గుణకం ఎంత అన్నది రాతపూర్వకంగా తేలాలి. బరువు మారే వస్తువులకు స్థిరమైన గుణకం పనికిరాదు, రసీదు వేళ అసలు బరువును విడిగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క విషయాన్ని మీ సొంత వస్తువుతో పరీక్షించి తీరాలి.

మూడు, బిల్ ఆఫ్ మెటీరియల్, అంటే ఒక పంపుకు ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే జాబితా. డిజైన్ విభాగం రాసినది ఒకటి, షాప్‌ఫ్లోర్‌లో వాడేది ఒకటి ఉంటుంది. పాత కార్మికులను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పంపు బిగిస్తుండగా పక్కనే ఉండి రాసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్ కెనడాలో దుకాణాలు తెరిచినప్పుడు జరిగింది తెలుసుకోదగినది. 2013లో మొదలుపెట్టి, 2015 జనవరిలో 133 దుకాణాలనూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. కారణాలు అనేకం. వాటిలో ముఖ్యమైనది, కొత్త వ్యవస్థలో తొందరగా నింపిన వస్తువుల వివరాలు తప్పులతడకగా ఉండటం. పొడవు ఉండవలసిన చోట వెడల్పు, సెంటీమీటర్లు ఉండవలసిన చోట అంగుళాలు చేరాయి. గిడ్డంగుల్లో సరుకు పేరుకుపోయింది, దుకాణాల అరలు ఖాళీగా ఉన్నాయి. గడువు తరుముతుంటే వివరాలు నింపే పనిని పైపైన కానిచ్చేస్తే ఇలాగే జరుగుతుంది.

సాఫ్ట్‌వేర్‌ను మన పద్ధతికి మార్చాలా, మన పద్ధతిని సాఫ్ట్‌వేర్‌కా

చాలామంది అడిగే ప్రశ్న ఇది, మీరూ త్వరలోనే అడుగుతారు. కాన్ఫిగరేషన్ వేరు, కస్టమైజేషన్ వేరు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మీటల్లో మీకు కావలసినది ఎంచుకోవడం మొదటిది. దాని కోడ్ మార్చి రాయించుకోవడం రెండోది. మార్చి రాయించిన ప్రతి చోటా తర్వాతి వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ పరీక్షించాలి, మళ్లీ ఖర్చు పెట్టాలి.

జర్మనీకి చెందిన లిడ్ల్ దుకాణాల సంస్థ 2011లో ఈఆర్‌పీలు తయారుచేసే శాప్ సంస్థ సాఫ్ట్‌వేర్ ఆధారంగా కొత్త వ్యవస్థ పని మొదలుపెట్టి 2018లో ఆపేసింది. అప్పటికి సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని పత్రికలు రాశాయి. ముఖ్యమైన చిక్కు ఏమిటంటే, లిడ్ల్ తన సరుకు విలువను కొన్న ధరతో కడుతుంది, ఆ సాఫ్ట్‌వేర్ సహజంగా అమ్మే ధరతో కడుతుంది. సంస్థ తన అలవాటు మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌ను మార్చబోయింది. సరుకు విలువ అన్నది ప్రతి లావాదేవీనీ తాకే విషయం. అక్కడ చేయి పెడితే మిగిలినదంతా కదులుతుంది.

నేను పాటించే కొలమానం ఇది: ఆ పద్ధతి మారితే మీ వినియోగదారుకు తేడా తెలుస్తుందా? తెలిస్తే దాన్ని కాపాడుకోవడానికి ఖర్చు పెట్టవచ్చు. ఉదాహరణకు మీరు వినియోగదారు కోరిన కొలతకు పంపు చేసి ఇస్తుంటే, ఆ ఆర్డరు నుంచి డిజైన్‌కు వెళ్లే దారి మీ ప్రాణం, దాన్ని సాఫ్ట్‌వేర్ కోసం బలిపెట్టకండి. స్టోర్స్ ఇండెంటు రూపం, చెల్లింపు వోచరు వరుస, సెలవు దరఖాస్తు వంటివి మీ వినియోగదారుకు కనిపించవు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఎలా ఇస్తే అలా తీసుకోండి. ముద్రించే కాగితాలు, రిపోర్టులు మీకు నచ్చినట్టు చేయించుకోండి, వాటివల్ల లోపల ఏదీ చెడదు.

ఎవరి చేతిలో ఉండాలి

కంప్యూటర్ విభాగం చేతిలో కాదు. మీరు ఆ విభాగంవారైతే నొచ్చుకోకండి. కొనుగోలు, అమ్మకం రెండు విభాగాలూ ఒక నియమం దగ్గర తగువు పడినప్పుడు, అదే రోజు తీర్పు చెప్పి అమలు చేయించగలిగిన మనిషి ప్రాజెక్టుకు అధిపతిగా ఉండాలి. సాధారణంగా కార్యకలాపాల అధిపతి లేదా ఆర్థిక అధికారి. ఒక్కో విభాగం నుంచి పని బాగా తెలిసినవారిని సగం సమయానికైనా ఇందులోకి తీసుకోవాలి. విభాగాధిపతులు సహజంగా తీరిగ్గా ఉన్నవారిని పంపుతారు. వాళ్లు లేకపోతే పని ఆగిపోతుంది అనిపించేవారినే అడిగి తీసుకోండి. వారి రోజువారీ పనికి తాత్కాలికంగా మనిషిని పెట్టే ఖర్చును మొదటి అంచనాలోనే చూపండి.

మార్పు రోజు

వ్యాపారం జోరుగా ఉండే కాలానికి ముందు వద్దు. అమెరికాలోని హెర్షీ చాక్లెట్ సంస్థ నాలుగేళ్లు పట్టే పనిని రెండున్నరేళ్లకు కుదించి, 1999 జులైలో కొత్త వ్యవస్థకు మారింది. ఆ వెంటనే అక్కడ పిల్లలకు మిఠాయిలు పంచే హాలోవీన్ పండగ ఆర్డర్ల కాలం వచ్చింది. గిడ్డంగుల్లో చాక్లెట్ ఉంది, దుకాణాలకు పంపలేకపోయారు. సుమారు 10 కోట్ల డాలర్ల విలువైన ఆర్డర్లు అందలేదు. మీకు పంపుల అమ్మకం పెరిగే నెలలు మీకే తెలుసు, వాటికి కనీసం మూడు నెలల ముందుగానీ అవి ముగిశాకగానీ మారండి.

మారే ముందు స్టాకు మొత్తం లెక్కపెట్టాలి, ఆ రోజుల్లో సరుకు కదలిక ఆపాలి. పూర్తికాని కొనుగోలు ఆర్డర్లు, వినియోగదారుల నుంచి రావలసినవి, సరఫరాదారులకు ఇవ్వవలసినవి బిల్లు వారీగా తీసుకురావాలి, మొత్తం ఒక్క అంకెగా కాదు. ఒక్క అంకెగా తెస్తే, వచ్చిన డబ్బు ఏ బిల్లుకు జమకట్టాలో తెలియక ఏడాది పొడవునా వెనక్కి చూసుకోవలసి వస్తుంది. పాత ఏళ్ల లావాదేవీలను కొత్త వ్యవస్థలోకి ఎక్కించవద్దు. పాత సాఫ్ట్‌వేర్‌ను చదవడానికి మాత్రమే తెరిచి ఉంచండి. ఈ మార్పు మొత్తాన్ని కనీసం రెండుసార్లు నకలు వ్యవస్థలో చేసి చూసి, ఏ అడుగుకు ఎన్ని గంటలు పట్టిందో రాసి పెట్టుకోండి.

పాత, కొత్త వ్యవస్థలు కొంతకాలం పక్కపక్కన నడపమని మీకు చాలామంది సలహా ఇస్తారు. స్టోర్స్, కొనుగోళ్ల విషయంలో నేను ఒప్పుకోను. రోజంతా రెండుసార్లు నమోదు చేయవలసి వస్తే మనుషులు అలవాటైన దానిని సరిగా చేస్తారు, కొత్తదానిని ఎప్పుడో చేస్తారు. రెండింటికీ తేడా వస్తే ఏది తప్పో తెలియదు. జీతాలు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. కనీసం రెండు నెలలు పాత లెక్కా కొత్త లెక్కా ఒక్కో ఉద్యోగికి పైసాతో సహా పోల్చి చూడకుండా జీతాలను మార్చకండి. జీతం తప్పుపడితే ఆ ఇంటి నెల తలకిందులవుతుంది, ఆ తర్వాత ఏ వివరణ ఇచ్చినా ఉద్యోగులు కొత్త వ్యవస్థను నమ్మరు.

మొదటి మూడు నెలలు

పని నెమ్మదిస్తుంది. యాజమాన్యానికి ఈ మాట ముందే చెప్పండి, రాసి ఇవ్వండి. ఈ కాలంలో నేను ప్రతి వారం మూడు అంకెలే చూస్తాను. మైనస్‌లో ఉన్న వస్తువులు ఎన్ని. 'సరుకు వచ్చింది, బిల్లు రాలేదు' ఖాతాలో నెల దాటిన వరుసలు ఎన్ని. ఆర్డరు లేకుండా వచ్చిన బిల్లులు ఎన్ని. ఈ మూడూ వారం వారం తగ్గుతుంటే ఎన్ని ఫిర్యాదులు వచ్చినా కంగారు పడనక్కర్లేదు. పెరుగుతుంటే, తెర మీద అంతా బాగున్నట్టు కనిపించినా వెంటనే స్టోర్స్‌కు వెళ్లి నిలబడి చూడండి.

ఎవరైనా సొంత ఎక్సెల్ మళ్లీ తెరిచారని తెలిస్తే మందలించకండి. ఆ ఎక్సెల్ అడిగి తీసుకుని చూడండి. కొత్త వ్యవస్థ ఇవ్వని వివరం ఏదో అందులో ఉంటుంది. ఒకచోట డిస్పాచ్ అధికారి రోజూ రాసుకుంటున్న పట్టికలో ఏ ఆర్డరు ఏ రోజు కచ్చితంగా వెళ్లాలో ఉంది. అది వ్యవస్థలో నాలుగు తెరల వెనుక ఉంది. దాన్ని ఒకే రిపోర్టుగా చేసి ఇచ్చాక ఆయనే ఎక్సెల్ మానేశారు.

ఇక సాఫ్ట్‌వేర్

శాప్, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ పెద్ద కుటుంబాలు, ప్రతిదానిలో చిన్న సంస్థలకు వేరే రకాలున్నాయి. ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్ వంటివాటికి ఓపెన్ సోర్స్ రూపాలు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేవి, ఉన్నాయి. మీ పరిమాణానికి వీటిలో ఒకటికన్నా ఎక్కువే సరిపోతాయి. పాత తరం ఉత్పత్తిని తక్కువ ధరకు ఇస్తామంటే దాని మద్దతు ఎప్పటివరకో అడగండి. ఉదాహరణకు శాప్ పాత తరం ఈఆర్‌పీ అయిన ఈసీసీలో చివరి రూపాలకు కూడా సాధారణ మద్దతు 2027 చివరి వరకేనని ఆ సంస్థ ప్రకటించింది.

విక్రేత సిద్ధం చేసుకున్న డెమో చూడవద్దు. మీ దగ్గర అన్నిటికన్నా చిక్కైన ఐదు లావాదేవీలు ఎంచుకోండి: బరువుతో కొని రేకులుగా ఇచ్చే వస్తువు, సగం వచ్చి సగం వాపసు వెళ్లిన సరుకు, బయట మెషినింగ్‌కు పంపి తిరిగి తెచ్చుకునే భాగం, వినియోగదారు మధ్యలో మార్చిన ఆర్డరు, ముందస్తు చెల్లింపు తర్వాత రద్దయిన కొనుగోలు. మీ డేటా ఇచ్చి, మీ స్టోర్‌కీపర్ పక్కన కూర్చుని చూస్తుండగా చేసి చూపమనండి. తెరలు ఎంత అందంగా ఉన్నాయన్నది అప్పుడు ఎవరికీ పట్టదు. ఒప్పందంలో రెండు మాటలు తప్పక ఉండాలి: అమలు చేసే కన్సల్టెంట్ల పేర్లు, అనుమతి లేకుండా వారిని మార్చకూడదన్న షరతు; మీరు ఎప్పుడు వదిలేసినా మీ డేటా మొత్తం చదవగలిగే రూపంలో తిరిగి ఇవ్వాలన్న షరతు. లైసెన్సు కన్నా అమలు చేసే మనుషుల ఖర్చే తరచుగా ఎక్కువ అవుతుంది, బేరం ఎక్కడ ఆడాలో దాన్నిబట్టి చూసుకోండి.

మీ పంపుల బిల్ ఆఫ్ మెటీరియల్ ఎన్ని అంచెల్లో ఉంటుందో, బయటకు పంపి చేయించే పని ఎంత ఉందో మీరు రాయలేదు. ఆ రెండూ తెలిస్తే రెండో విడతను ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలను. వీలైతే ఒక పంపు పూర్తి భాగాల జాబితా, గడిచిన నెలలో ఆలస్యమైన ఆర్డర్లు ఎందుకు ఆలస్యమయ్యాయో కారణాలు కూడా జతచేయండి.